జకార్తా శివారులో సొంతిల్లు: ధర ఒకటి, ఖర్చు ఇంకొకటి

18 చదరపు మీటర్ల ఇల్లు. గజాల్లో చెబితే 22కి కూడా చేరదు. మన దగ్గర ఒక బెడ్‌రూం, దానికి ఆనుకుని ఒక బాత్‌రూం కడితే ఆ కొలత అయిపోతుంది. 2025 జూన్‌లో ఇండోనేషియా గృహనిర్మాణ శాఖ, సబ్సిడీ ఇళ్లను ఇంత చిన్నవిగా కట్టేందుకు అనుమతించే ప్రతిపాదన బయటపెట్టింది. నగరానికి దగ్గర్లో భూమి ధర ఆకాశంలో ఉంది కాబట్టి, ఇల్లు కుదించుకుంటే కనీసం దూరమైనా తగ్గుతుందన్నది అధికారుల లెక్క. జనం ఊరుకోలేదు. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు అందులో ఎక్కడ పడుకోవాలని నిలదీశారు. జూలైలో గృహనిర్మాణ మంత్రి మరువారార్ సిరైత్ పార్లమెంటు కమిటీ ముందు క్షమాపణ చెప్పి ఆ ప్రతిపాదనను వెనక్కి తీసుకున్నారు.

ప్రతిపాదన పోయింది గానీ దానికి కారణమైన చిక్కు అలాగే ఉంది. జకార్తాలో చిన్న ఉద్యోగం చేసుకునే కుటుంబానికి ఇవాళ ఉన్నవి రెండే దారులు. నగరంలో ఇరుకు అద్దె గది, లేదంటే గంటన్నర రెండు గంటల దూరంలో సొంతిల్లు. లక్షల కుటుంబాలు రెండోదే ఎంచుకున్నాయి. ఆ ఇంటి ధర బ్రోచర్ మీద పెద్ద అక్షరాల్లో ఉంటుంది. అసలు ఖర్చు మాత్రం అక్కడ కనిపించదు. అది చేతికొచ్చే కాగితంలో ఉంటుంది, బ్యాంకుతో రాసుకున్న ఒప్పందంలో ఉంటుంది, ఇంటి పెద్ద రాత్రి ఎన్నింటికి గుమ్మం ఎక్కుతాడన్న దాంట్లో ఉంటుంది.

ఇండోనేషియా సంగతి తెలుగు ముస్లిం కుటుంబాలకు ఎందుకు అంటే, అక్కడ వడ్డీ లేకుండా ఇల్లు కొనే దారి చట్టబద్ధంగా ఉంది. బ్యాంకులున్నాయి, ఉలమాల ఫత్వాలున్నాయి, ఏళ్ల తరబడి అనుభవం ఉంది. ఆ దారి ఎంతవరకు పనిచేస్తోంది, దాని పేరు చెప్పి ఎవరు ఎలా మోసం చేశారు అన్నది ఇక్కడ ఇల్లు కొనాలనుకుని రిబా భయంతో ఆగిపోయిన వాళ్లకు తప్పకుండా పనికొచ్చే విషయం.

ముందుగా ఒక మాట. ఇండోనేషియా డబ్బు పేరు రుపియా. అక్కడి కోట్లు చూసి కంగారు పడనక్కర్లేదు. ఇటీవలి మారకం ప్రకారం దాదాపు 190 రుపియాలు కలిస్తే మన ఒక్క రూపాయి.

వేరే గ్రహం మీది ఊరు

జకార్తా చుట్టూ బోగోర్, దెపోక్, తంగెరాంగ్, బెకాసీ ఉన్నాయి. ఈ ఐదు పేర్ల మొదటి అక్షరాలు కలిపి ఈ ప్రాంతం మొత్తాన్ని జబోదెతాబెక్ అంటారు. 3 కోట్ల మందికి పైగా ఉంటారు. వీటిలో తూర్పు వైపున్న బెకాసీ కథ చూస్తే మిగతావాటి కథ చాలావరకు తెలిసిపోతుంది.

2020 జనాభా లెక్కల ప్రకారం బెకాసీ నగరంలో 25 లక్షల మంది, దాన్ని చుట్టుకుని ఉన్న బెకాసీ జిల్లాలో 31 లక్షల మంది ఉన్నారు. ఒకప్పుడు వరి పొలాలు. ఇప్పుడు చికరాంగ్ వైపు వరసగా పారిశ్రామిక వాడలు, వాటి మధ్యలో, వాటి వెనక, ఖాళీ కనిపించిన ప్రతిచోటా ఇళ్ల కాలనీలు. జకార్తా చెత్త అంతా వెళ్లి పడే బంతర్ గెబాంగ్ డంపింగ్ యార్డు కూడా బెకాసీలోనే ఉంది. 2014లో సోషల్ మీడియాలో బెకాసీ మీద జోకులు వెల్లువెత్తాయి. బెకాసీ వెళ్లాలంటే పాస్‌పోర్టు కావాలని, రాకెట్ ఎక్కాలని, అది భూమ్మీద కాదు వేరే గ్రహం మీద ఉందని. అక్కడివాళ్లు కోపం తెచ్చుకోకుండా ఆ పేరునే తగిలించుకుని తిరిగారు. నవ్వుకోవడానికి బాగానే ఉంది గానీ, రోజూ ఆ గ్రహం నుంచి ఈ గ్రహానికి వచ్చిపోయేవాళ్లకు అందులో వెటకారం కన్నా నిజమే ఎక్కువ కనిపించి ఉంటుంది.

మరి ఎందుకు వెళ్తారు? సొంతిల్లు అన్న ఒక్క మాట కోసం. ఫ్యాక్టరీల వల్ల అక్కడే పని దొరుకుతుంది కూడా. 2025లో బెకాసీ నగరం కనీస వేతనం నెలకు 56,90,752 రుపియా. అంటే మన డబ్బుల్లో సుమారు 30,000. జకార్తాలో ఆ ఏడాది 53,96,761. అంటే శివారులోనే కనీస వేతనం ఎక్కువ. అయినా బ్యాంకులు, పెద్ద కంపెనీల ఆఫీసులు, మంత్రిత్వ శాఖలు జకార్తాలోనే ఉన్నాయి. అందుకే పొద్దున్నే రైళ్లన్నీ పడమటికి నిండుగా పోతాయి.

మగ్రిబ్ దారిలోనే

ఒకప్పుడు ఈ లోకల్ రైళ్ల పైకప్పుల మీద కూడా జనం ప్రయాణించేవాళ్లు. వాళ్లను ఆపడానికి 2012లో రైల్వే వాళ్లు శివార్లలో పట్టాల పైన కాంక్రీటు గుండ్లు వేలాడదీశారు. ఆ ఆలోచన ఎవరికి వచ్చిందో గానీ, ప్రపంచమంతా వింతగా చెప్పుకుంది. మరుసటి ఏడాది నుంచి టికెట్ విధానం మారింది, అన్నీ ఏసీ బోగీలయ్యాయి, తలుపులు మూసుకుంటేనే రైలు కదలడం మొదలైంది. ఈ మార్పు నిజంగా మెచ్చుకోదగ్గది. ఇవాళ ఈ రైళ్లలో పనిరోజున దాదాపు 10 లక్షల మంది ప్రయాణిస్తున్నారు. మొదటి 25 కిలోమీటర్లకు టికెట్ 3,000 రుపియా, అంటే మన 16 రూపాయలు. ఆ పైన ప్రతి 10 కిలోమీటర్లకు 1,000 రుపియా. ప్రతి రైలుకు ముందు, వెనక ఆడవాళ్లకే ఒక్కో బోగీ ఉంటుంది.

చౌకే, సందేహం లేదు. బెకాసీ స్టేషన్ నుంచి నగరం మధ్యకు రైల్లో ముప్పావు గంట చాలు. కానీ ఎవరి ఇల్లూ స్టేషన్‌లో ఉండదు. కాలనీ గేటు నుంచి బైక్ మీద స్టేషన్ దాకా, అక్కడ బండి పెట్టి ప్లాట్‌ఫాం దాకా, మంగారాయ్ జంక్షన్‌లో గుంపులోంచి ఇంకో రైలు దాకా, దిగాక మళ్లీ బైక్ టాక్సీ మీద ఆఫీసు దాకా. ఇవన్నీ కలిపితే ముప్పావు గంట కాస్తా గంటన్నర, రెండు గంటలు అవుతుంది. కార్లున్న వాళ్లకు టోల్ రోడ్డు ఉంది. దాని మీద ట్రాఫిక్ తట్టుకోలేక 2019 డిసెంబర్‌లో దాదాపు 38 కిలోమీటర్ల ఎలివేటెడ్ రోడ్డు తెరిచారు. 2021లో దానికి అప్పటి అబూధాబీ యువరాజు షేక్ మొహమ్మద్ బిన్ జాయెద్ పేరు పెట్టారు. గల్ఫ్‌లో పనిచేసి వచ్చిన మనవాళ్లకు ఆ బోర్డు చూస్తే ఎక్కడున్నామో ఒక్క క్షణం అర్థం కాదు. 2023 ఆగస్టులో బెకాసీకి, చిబుబుర్‌కు తేలికపాటి మెట్రో వచ్చింది. అది సౌకర్యమే గానీ రద్దీ వేళల్లో గరిష్ఠ టికెట్ 20,000 రుపియా. కనీస వేతనం మీద బతికేవాళ్లు రోజూ రెండు పూటలా ఎక్కలేరు.

భూమధ్యరేఖకు దగ్గర కాబట్టి జకార్తాలో సూర్యాస్తమయం ఏడాది పొడవునా ఆరు గంటల అటూ ఇటూగానే ఉంటుంది. ఆఫీసు ఐదింటికి వదులుతారు. అంటే ఏ నెలలోనైనా మగ్రిబ్ సమయానికి ఈ జనమంతా దారిలోనే ఉంటారు. మగ్రిబ్‌కు, ఇషాకు మధ్య గంటా పది, పదిహేను నిమిషాలే ఉంటుంది. కొందరు ఆఫీసులోనే నమాజు చదువుకుని ఆలస్యంగా బయల్దేరతారు, కొందరు స్టేషన్‌లోని చిన్న నమాజు గదుల ముందు వరస కడతారు. రంజాన్‌లో ఇఫ్తార్ ప్లాట్‌ఫాం మీదే అయిపోయే రోజులు ఎక్కువ. ఫజ్ర్ కాగానే ఇల్లు వదిలి, పిల్లలు నిద్రపోయాక ఇంటికి చేరే తండ్రి, ఒక్కోసారి తల్లి కూడా, ఆ కాలనీల్లో మామూలు సంగతి. బ్రోచర్‌లో 'టోల్ గేటుకు 10 నిమిషాలు' అని రాసిన మాట అబద్ధం కాకపోవచ్చు. టోల్ గేటు నుంచి ఆఫీసుకు ఎంతసేపో అందులో రాయరు, అంతే.

ధర తగ్గేకొద్దీ దూరం పెరుగుతుంది. ప్రభుత్వ సబ్సిడీ ఇంటికి 2024 నుంచి జబోదెతాబెక్ ప్రాంతంలో గరిష్ఠ ధర 18.5 కోట్ల రుపియా. మన లెక్కన సుమారు 10 లక్షల రూపాయలు. 1 శాతం కడితే చాలు, మిగతాది 20 ఏళ్లు, 5 శాతం స్థిర రేటు. నెలకు 12 లక్షల రుపియా, అంటే దాదాపు 6,400 రూపాయల వాయిదా. వినడానికి ఇంతకన్నా మంచి పథకం ఉండదు. ఆ ధరకు బెకాసీ నగరంలో మాత్రం ఇల్లు దొరకదు. జిల్లా అంచుల్లో చిబారుసా వైపో, బోగోర్ జిల్లాలో పరుంగ్ పంజాంగ్‌లోనో, ఇంకా పడమట మాజాలోనో దొరుకుతుంది. 36 చదరపు మీటర్ల ఇల్లు, 60 లేదా 72 చదరపు మీటర్ల స్థలం. కాగితం మీద యజమాని ఉంటాడు, ఇల్లు తాళం వేసి ఉంటుంది. రోజూ వచ్చిపోలేక మళ్లీ నగరంలో గది అద్దెకు తీసుకుని ఒకవైపు అద్దె, ఇంకోవైపు వాయిదా కట్టుకునే కుటుంబాలు తక్కువేం కాదు. సబ్సిడీ కాలనీల్లో ఖాళీ ఇళ్లు ఏళ్లుగా ప్రభుత్వానికి తలనొప్పే.

హక్ అనే మాట ఒకటే, అర్థాలు మూడు

అక్కడి భూమి చట్టం 1960 నాటిది. హక్కులకు పెట్టిన పేర్లు మనకు చిత్రంగా తోస్తాయి. 'హక్ మిలిక్' అంటే సంపూర్ణ యాజమాన్యం. ఉర్దూలో మిల్కియత్ అంటామే, అదే మాట. ఇది ఇండోనేషియా పౌరులకు మాత్రమే. కాలపరిమితి లేదు, వారసులకు వస్తుంది. రెండోది 'హక్ గునా బంగునాన్', ఆ భూమి మీద కట్టుకునే హక్కు. 30 ఏళ్లు ఇస్తారు, ఇంకో 20 పొడిగిస్తారు, ఆ తర్వాత 30 ఏళ్లకు పునరుద్ధరించుకోవచ్చు. మూడోది 'హక్ పకాయ్', వాడుకునే హక్కు. విదేశీయులకు దొరికేది సాధారణంగా ఇదే.

కంపెనీలకు హక్ మిలిక్ రాదు. కాబట్టి పెద్ద కాలనీలు కట్టే బిల్డర్ చేతిలో ఉండేది రెండో రకం. కొన్న కుటుంబానికి కూడా మొదట అదే చేతికొస్తుంది. ఇల్లు నివాసం కోసమైతే తర్వాత ఫీజు కట్టి హక్ మిలిక్‌గా మార్చుకోవచ్చు. అపార్ట్‌మెంట్‌కు ఆ వీలు అంత తేలిక కాదు, కింద ఉన్న భూమి హక్కు ఏదైతే అదే. చాలామంది ఈ మార్పిడి పనిని వాయిదా వేస్తూ పోతారు. 25 ఏళ్లు గడిచాక పిల్లలు ఆ కాగితం తీసి చూస్తే గడువు దగ్గర పడి ఉంటుంది.

వీటన్నిటికన్నా ప్రమాదం 'గిరిక్'. పాతకాలంలో భూమి శిస్తు కట్టినందుకు గ్రామంలో ఇచ్చిన చీటీ అది. యాజమాన్య పత్రం కాదు. అయినా దాని మీదే తరాలుగా అమ్మకాలు, కొనుగోళ్లు జరిగాయి. హైదరాబాద్ పాతబస్తీలో నోటరీ కాగితం మీద ఇల్లు కొన్న వాళ్లకు ఈ చిక్కు వేరే చెప్పక్కర్లేదు. 2021లో వచ్చిన ప్రభుత్వ నిబంధన ప్రకారం ఇలాంటి పాత కాగితాలను 5 ఏళ్లలో రిజిస్టర్ చేయించుకోవాలి. ఆ గడువు 2026 ఫిబ్రవరి వరకే. ఆ తర్వాత అది ఆస్తికి రుజువుగా చెల్లదు. చౌకగా వస్తోందని గిరిక్ స్థలం కొనేవాళ్లు ఈ తేదీని గుర్తుపెట్టుకోవాలి.

సరే, హక్ మిలిక్ సర్టిఫికెట్ చేతిలో ఉంటే నిశ్చింతేనా? 2025 జనవరి 30న బెకాసీ జిల్లాలోని తంబున్ సెలాతాన్‌లో కోర్టు సిబ్బంది యంత్రాలతో వచ్చి ఒక చిన్న కాలనీలో ఇళ్లు కూల్చేశారు. అక్కడివాళ్ల చేతుల్లో సక్రమమైన హక్ మిలిక్ సర్టిఫికెట్లున్నాయి. కొన్ని దశాబ్దాల కిందటి భూమి అమ్మకం మీద మొదలైన వ్యాజ్యంలో తీర్పు అమలు అది. ఇప్పుడున్న వాళ్లలో ఎవరికీ ఆ గొడవతో సంబంధం లేదు. కొద్ది రోజులకు భూ వ్యవహారాల మంత్రి నుస్రోన్ వాహిద్ స్వయంగా వచ్చి చూశారు. సర్టిఫికెట్లు చెల్లుబాటులోనే ఉన్నాయని, కూల్చిన ఐదు స్థలాలు అసలు వివాదంలో ఉన్న భూమి హద్దుల బయటే ఉన్నాయని చెప్పారు. మంత్రి చెప్పారు సరే, ఇళ్లు అప్పటికే నేలమట్టం.

అదే నెలలో ఇంకో వార్త దేశాన్ని కుదిపేసింది. తంగెరాంగ్ తీరంలో సముద్రంలో వెదురు కంచె కట్టి ఉంది. దాని లోపలి నీటికి భూమి సర్టిఫికెట్లు ఉన్నాయి. 263 కట్టుకునే హక్కు పత్రాలు, 17 హక్ మిలిక్ పత్రాలు. సముద్రానికి పట్టాలు! బెకాసీ తీరంలోనూ అలాంటివే బయటపడ్డాయి. చాలావాటిని తర్వాత రద్దు చేశారు. చెరువు శిఖం భూమిలో రిజిస్ట్రేషన్లు చేసి ఇచ్చిన చరిత్ర ఉన్న మన తెలంగాణకు ఇది కొత్త కాదు. సర్టిఫికెట్ ఉందా అన్న ప్రశ్నతో పని అయిపోదు. భూమి కార్యాలయంలో దాన్ని సరిచూశారా, హద్దులు కొలిచారా, పాత కేసులేమైనా ఉన్నాయా అన్నది అడగాల్సిన ప్రశ్న.

వడ్డీ లేని వాయిదా

ఇక డబ్బు సంగతి. ఇండోనేషియాలో ఇంటి రుణాలు 1976లో ఒక ప్రభుత్వ బ్యాంకుతో మొదలయ్యాయి. మామూలు బ్యాంకు రుణంలో మొదటి రెండు మూడేళ్లు తక్కువ రేటు చూపిస్తారు, ఆ తర్వాత మార్కెట్‌ను బట్టి మారుతుంది. ఇది ఎంత తేడా తెస్తుందో ఒక ఉదాహరణ లెక్క వేస్తే తెలుస్తుంది. 50 కోట్ల రుపియా, అంటే సుమారు 26 లక్షల రూపాయల అప్పు, 15 ఏళ్లు. మొదటి మూడేళ్లు 6 శాతం అనుకుంటే నెల వాయిదా 42 లక్షల రుపియా. నాలుగో ఏడు రేటు 12 శాతానికి పోతే అదే వాయిదా దాదాపు 57 లక్షలు. జీతం అంతే, వాయిదా మూడో వంతు పైగా పెరిగింది. మొత్తం కట్టేది 97 కోట్ల దాకా వెళ్తుంది.

షరీఅత్ బ్యాంకులు ఇక్కడే పనికొస్తాయి. ఎక్కువగా వాడేది మురాబహా. బ్యాంకు ఇల్లు కొని, తన లాభం ఎంతో ముందే చెప్పి, వాయిదాల మీద అమ్ముతుంది. 50 కోట్లకు కొన్న ఇంటిని 90 కోట్లకు అమ్మిందనుకుంటే, 180 నెలలు 50 లక్షల చొప్పున. మొదటి నెలా అంతే, చివరి నెలా అంతే. మొదట్లో మామూలు రుణం కన్నా వాయిదా ఎక్కువ కనిపిస్తుంది, అది చూసి చాలామంది వెనక్కి పోతారు. నాలుగో ఏడు వచ్చాకే తేడా తెలుస్తుంది. ఇండోనేషియా ఉలమా కౌన్సిల్ షరీఅత్ బోర్డు 2000లోనే మురాబహా మీద ఫత్వా ఇచ్చింది. వాయిదా ఆలస్యమైతే వేసే జరిమానాకు కూడా హద్దు పెట్టింది. కట్టగలిగే స్తోమత ఉండీ ఎగ్గొట్టేవాడి మీదే వేయాలి, ఆ డబ్బు బ్యాంకు జేబులోకి కాకుండా సామాజిక నిధికి పోవాలి. నిజంగా ఇబ్బందుల్లో ఉన్నవాడి మీద వేయకూడదు.

మరో పద్ధతి ముషారకా ముతనాఖిసా. బ్యాంకు, కుటుంబం కలిసి ఇల్లు కొంటాయి. కుటుంబం నెలనెలా బ్యాంకు వాటా కొంచెం కొంచెం కొనేస్తుంది, మిగిలిన వాటాకు అద్దె కడుతుంది. దీనికి 2008లో ఫత్వా వచ్చింది. ఇందులో అద్దెను మధ్యమధ్యలో సవరించవచ్చు. కాబట్టి షరీఅత్ అన్నంత మాత్రాన వాయిదా 15 ఏళ్లూ కదలదని అనుకోకూడదు. ఒప్పందం పేరేంటో చూడాలి. మురాబహా మీదా విమర్శలున్నాయి. చాలాచోట్ల బ్యాంకు నిజంగా ఇల్లు కొనదు, కొనే పనిని కస్టమర్‌కే వకాలత్‌గా అప్పగిస్తుంది. కాగితం మీద అమ్మకం, లోపల అప్పే కదా అని అడిగే ఉలమాలు అక్కడా ఉన్నారు. ముందుగా బాకీ తీర్చేస్తే లాభంలో తగ్గింపు ఇవ్వాలా వద్దా అన్నది కూడా ఒప్పందంలో హామీగా రాయరు, బ్యాంకు ఇష్టం. 2021 ఫిబ్రవరిలో మూడు ప్రభుత్వ షరీఅత్ బ్యాంకులు కలిసి బ్యాంక్ షరియా ఇండోనేషియా ఏర్పడ్డాక ఈ రుణాలు దేశమంతటా తేలిగ్గా దొరుకుతున్నాయి. లోపాలున్నా అడగడానికి ఒక సంస్థ, ఫిర్యాదుకు ఒక నియంత్రణ వ్యవస్థ ఉన్నాయి.

ఈ రెండూ లేని చోటే మోసం జరిగింది. 2010ల్లో శివార్లలో కొత్త రకం బిల్డర్లు పుట్టుకొచ్చారు. బ్యాంకు లేదు, రిబా లేదు, జరిమానా లేదు, జప్తు లేదు, పాత అప్పుల పరిశీలన లేదు, నేరుగా మాకే వాయిదాలు కట్టండి అన్నది వాళ్ల ప్రచారం. కాలనీకి ఇస్లామీయ పేరు, బ్రోచర్ మీద మసీదు, గుర్రపు స్వారీ మైదానం. దీన్‌దార్ కుటుంబాలు నమ్మాయి. 2019 డిసెంబర్‌లో జకార్తా పోలీసులు అలాంటి ఒక ముఠాను పట్టుకున్నప్పుడు బాధితులు 3,680 మంది అని, పోయిన డబ్బు 4,000 కోట్ల రుపియా అని, అంటే మన 21 కోట్ల రూపాయలని చెప్పారు. కట్టిన ఇళ్లు లేవు. చాలాచోట్ల భూమే బిల్డర్ పేరు మీద లేదు.

ఇలాంటి బిల్డర్లంతా మోసగాళ్లని కాదు. కొందరు నిజాయితీగా కట్టి ఇచ్చారు. కానీ బ్యాంకును పక్కన పెట్టినప్పుడు వడ్డీతో పాటు ఇంకోటి కూడా పక్కకు పోయింది. రుణం ఇచ్చే బ్యాంకు, షరీఅత్‌దైనా మామూలుదైనా, తన డబ్బు పోతుందన్న భయంతో భూమి పత్రాలు సరిచూయిస్తుంది, బిల్డర్ అనుమతులు అడుగుతుంది. ఆ పని ఇప్పుడు ఎవరు చేయాలి? దీన్ పేరు చెప్పిన మనిషిని కాగితం అడగడం మర్యాద కాదని చాలా కుటుంబాలు అడగలేదు. హైదరాబాద్‌లో హీరా గ్రూపులో, బెంగళూరులో ఐఎంఏలో హలాల్ లాభం వస్తుందని పెట్టి డబ్బు ఇరుక్కుపోయిన కుటుంబాలకు ఈ మొహమాటం ఎంత ఖరీదైనదో తెలుసు. మన దేశంలో పరిస్థితి ఇంకా కష్టం. 2017లో రిజర్వు బ్యాంకు ఇస్లామిక్ బ్యాంకింగ్ ప్రతిపాదనను ముందుకు తీసుకెళ్లబోమని తేల్చింది. చట్టబద్ధమైన దారి మూసుకున్న చోట ఇలాంటి బోర్డులకు గిరాకీ ఎక్కువ.

పెద్ద కంపెనీ పేరు చూసి నమ్మినా గ్యారంటీ లేదు. 2017లో చికరాంగ్ దగ్గర లిప్పో గ్రూపు మైకార్తా అనే కొత్త నగరాన్ని ప్రకటించింది. ఫ్లాట్లు 12.7 కోట్ల రుపియా నుంచి మొదలు. దేశమంతటా టీవీల్లో, మాల్స్‌లో ఎక్కడ చూసినా అదే ప్రకటన. అనుమతులు పూర్తిగా రాకముందే అమ్మకాలు జోరుగా సాగాయి. 2018 అక్టోబర్‌లో ఆ అనుమతుల కోసం లంచం తీసుకున్న కేసులో బెకాసీ జిల్లా అధిపతిని అవినీతి నిరోధక సంస్థ అరెస్టు చేసింది. తర్వాత ఆమెకు 6 ఏళ్ల శిక్ష పడింది. ఫ్లాట్లు అందని కొనుగోలుదారులు వీధికెక్కారు. ప్రాజెక్టు కంపెనీ తిరిగి 18 మంది కొనుగోలుదారుల మీదే పరువు నష్టం దావా వేసింది. దేశవ్యాప్తంగా నిరసన వచ్చాక ఉపసంహరించుకుంది.

నీళ్ల సంగతి కూడా అడగాలి. బోగోర్ కొండల నుంచి వచ్చే చిలెఉంగ్సీ, చికెయాస్ నదులు కలిసి బెకాసీ నదిగా మారే చోటే కొన్ని పెద్ద కాలనీలున్నాయి. 2020 జనవరి 1న, మళ్లీ 2025 మార్చిలో అక్కడ ఇళ్లు పైకప్పుల దాకా మునిగాయి. మార్చిలో నగరం మధ్యలోని మాల్‌లోకీ నీళ్లొచ్చాయి. ఆ కాలనీల్లో ఇళ్లు ఇప్పటికీ అమ్మకానికి దొరుకుతాయి, కాస్త చౌకగానే.

అక్కడ ఉద్యోగాల్లో ఉన్న తెలుగువాళ్లకు ఒక్క జాగ్రత్త చాలు. విదేశీయుడు స్థానిక స్నేహితుడి పేరు మీద హక్ మిలిక్ భూమి కొంటే ఆ ఒప్పందం చట్టం ముందు చెల్లదు, డబ్బు కూడా తిరిగి రాదు. ఇండోనేషియా అమ్మాయిని నికాహ్ చేసుకున్నవాళ్ల విషయంలోనూ ఆస్తి విడివిడి అన్న ఒప్పందం లేకపోతే భార్య పేరు మీద హక్ మిలిక్ ఉంచుకోవడం కష్టం. ఆ ఒప్పందం పెళ్లికి ముందే రాసుకోవాలన్న నియమాన్ని అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం 2016లో సడలించింది. పెళ్లయ్యాక కూడా రాసుకోవచ్చు.

బెకాసీలో ఇల్లు కొనే ముందు కొన్ని కుటుంబాలు అదే కాలనీలో, కుదిరితే అదే వీధిలో ఒక ఏడాది అద్దెకు దిగుతున్నాయి. అక్కడ అద్దె చాలావరకు ఏడాదికి ఒకేసారి కడతారు కాబట్టి అది పెద్ద ఇబ్బంది కాదు. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా వాన ఎలా ఉంటుందో, బోరు నీళ్లు పచ్చగా వస్తాయా తేటగా వస్తాయా, సోమవారం పొద్దున స్టేషన్‌లో ఎన్నో రైలు ఎక్కగలుగుతున్నారో ఈలోగా తెలిసిపోతుంది. వీధికి ఒక ఆర్‌టీ అనే పొరుగువారి సంఘం ఉంటుంది. జపాన్ ఆక్రమణ కాలంలో మొదలైన ఏర్పాటు అది. కాపలా, చెత్త చందా వసూలు చేసేది ఆ సంఘమే. ఏ ఇంటి కాగితం మీద గొడవ ఉందో, ఏ బిల్డర్ ఎవరికి సర్టిఫికెట్ ఇవ్వకుండా తిప్పుతున్నాడో దాని పెద్దకు తెలుస్తుంది. అడిగితే చెబుతాడు.